పట్టు నుంచి సీసా దాకా

వేపపూత అయిపోయి చింతపూత మొదలయ్యే రోజుల్లో వింజమూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో తేనె గడప దగ్గరికే వస్తుంది. తపేలాలో పట్టు, పైన ఆకుల కప్పు, సంచిలో కడిగి తెచ్చిన మందు సీసాలు. కొలత అందరికీ తెలిసిందే: ఫుల్లు, హాఫు, క్వార్టరు. కళ్లముందే పట్టు పిండి, గరాటు పెట్టి పోసిస్తే అసలైన తేనె దొరికిందన్న తృప్తితో తీసుకెళ్లి అలమారాలో పెట్టుకుంటాం. రెండు నెలలు తిరిగేసరికి మూత తీయగానే టప్పుమంటుంది. పైన నురగ, లోపల పుల్లటి వాసన. ‘పాకం కలిపి అంటగట్టాడు’ అని అమ్మినవాణ్ని తిట్టిపోస్తాం.

చాలాసార్లు ఆ మాట అన్యాయం. అందులో పాకం లేదు. అది అచ్చమైన తేనే, కాకపోతే పులిసిపోయింది. ఈగలు మూతపెట్టి దాచిన తేనె పట్టులో ఉన్నంతకాలం ఇట్టే చెడదు. పట్టు కోసిన దగ్గర్నుంచి సీసా మూత బిగించే దాకా ఉన్న ఒకటి రెండు రోజుల్లోనే దాని మంచీచెడూ తేలిపోతాయి. ఆ రెండు రోజులకు ఏ సామాను కావాలి, ఏది అక్కర్లేదు అన్నదే ఈ కథనం. ఇంటిమట్టుకు తేనె తీసుకునేవాళ్లూ, దొడ్లో రెండు పెట్టెలు పెట్టుకున్నవాళ్లూ మొట్టమొదట అడిగేది ‘మిషను ఎంత?’ అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న.

ముందు ఈగ ఏదో చూడాలి

మన మెట్టలో దొరికే తేనె ఒక్క రకం కాదు. వెలిగొండల్లో, ఉదయగిరి దుర్గం చరియల్లో, ఊరి బయట పెద్ద మర్రిచెట్లకు వేలాడేది పెద్ద ఈగ పట్టు, అదే కొండతేనె. ఒక్కో పట్టు నుంచి ఏడాదికి 36 కిలోల వరకూ రావచ్చని వ్యవసాయ పాఠ్యపుస్తకాలు రాస్తాయి. కంపచెట్లలో, నిమ్మకొమ్మల్లో అరచేతి వెడల్పున కట్టేది జుంటీగ. దాని తేనె అరకిలో దాటితే గొప్ప. చెట్టు తొర్రలో, పుట్టలో, పాతగోడ సందులో వరసగా పట్లు పెట్టేది పుట్టతేనె ఈగ. దీన్నే పెట్టెలోకి మచ్చిక చేసుకుంటాం. పెట్టెకు ఏడాదికి 6 నుంచి 8 కిలోలు వస్తే బాగా వచ్చినట్టు. వీటికి తోడు ఇటాలియన్ ఈగ. దాన్ని 1960లలో హిమాచల్ ప్రదేశ్‌లో స్థిరపరిచారు. పూతను వెతుక్కుంటూ లారీల్లో పెట్టెలు తిప్పే పెద్ద పెంపకందార్లది అదే ఈగ.

సామాను లెక్క ఇక్కడే తేలుతుంది. తిప్పి తేనె తీసే మిషనులో పెట్టాలంటే పట్టు చెక్క ఫ్రేములో ఉండాలి. కొండతేనెకూ జుంటితేనెకూ ఫ్రేము ఉండదు. తొర్రలోంచి తీసిన పుట్టతేనెకూ ఉండదు. మన దగ్గర ఇళ్లకు చేరే తేనెలో చాలాభాగం ఈ మూడే. వీటికి ఎంత ఖరీదైన మిషను కొన్నా పనికిరాదు. కావాల్సింది పదునైన కత్తి, జల్లెడ, గుడ్డ, అడుగున కుళాయి ఉన్న పాత్ర.

నెల్లూరు జిల్లా గిరిజనుల్లో అత్యధికులు యానాదులు. తేనె తీయడంలో వాళ్ల నేర్పు తరాల నాటిది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెనూ మైనాన్నీ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, అడవిని నమ్ముకుని బతికేవాళ్లకు వాటిని సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. పట్టు ఎక్కడుందో, ఏ వేళప్పుడు పొగ పెట్టాలో వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. చెడిపోయేదల్లా పిండే దగ్గర. పట్టు మొత్తాన్ని ఒకే తపేలాలో వేసి రెండు చేతులతో పిండితే తేనెతోపాటు పిల్లపురుగుల రసం, పుప్పొడి, చేతి తడి అన్నీ దిగుతాయి. తెల్లటి చార, చేదు, తొందరగా పులిసే గుణం ఆ రసంతోనే వస్తాయి.

పట్టును ఒకసారి దగ్గరగా చూడండి. పెద్ద ఈగ పట్టులో కొమ్మకు అంటుకున్న పైభాగం లావుగా, గడ్డలా ఉంటుంది. తేనె దాచుకునేది అక్కడ. కింద పలచగా, విస్తరిలా వేలాడేదంతా పిల్లపట్టు. జుంటిపట్టులో కొమ్మచుట్టూ కిరీటంలా ఉబ్బినది తేనె, దాని కింద పిల్లలు. తేనె ఉన్న పైగడ్డను మాత్రం విడిగా కోసి, పిల్లపట్టును చెట్టుకే వదిలేస్తే తేనె శుభ్రంగా ఉంటుంది. ఈగలు ఆ చెట్టును వదలకుండా ఉండే అవకాశమూ పెరుగుతుంది. కొనేవాళ్లు ఒక మాట ముందుగా చెబితే చాలు: ‘పిండొద్దు సామీ, తేనెగడ్డ మటుకే కోసి తీసుకురా, పట్టుతోనే తూకమేసి కొంటా.’ కిలోకు కాస్త ఎక్కువే ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వాలి కూడా.

ఇంట్లో ఉన్న డ్రమ్ముతోనే

తేనెగడ్డ ఇంటికి చేరాక పని చాలా తేలిక. మందపాటి స్టీలు పళ్లెంలో పెట్టి, పొడుగు కత్తితో వేలెడంత ముక్కలు కోయాలి. గదుల మీది తెల్లటి మైనపు మూతలు తెగేలా అడ్డంగా మరోసారి గాట్లు పెట్టాలి. పెద్ద చిల్లుల జల్లెడలో ఆ ముక్కలు వేసి, దాన్ని పాత్ర మీద ఆనించి, పైన మూతపెట్టి వదిలేయాలి. చెయ్యి పెట్టి నొక్కకూడదు. మొదటి గంటలో ధారగా, తర్వాత తీగలా, రాత్రికి చుక్కలుగా దిగుతుంది. తెల్లారేసరికి జల్లెడలో మిగిలేది తేలికైన మైనపు పొట్టు. ఇక్కడ మన ఎండ మనకు మేలు చేస్తుంది. చలిదేశాల వాళ్లు తేనె జారడానికి గదిని వెచ్చబెట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో మనకు ఆ తిప్పలు లేవు. వెచ్చటి గదిలో తేనె తనంతట తనే జారుతుంది.

మరి పాత్ర? మన ఇళ్లలో తాగేనీటికి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఉండనే ఉంటుంది. లోపలి క్యాండిళ్లు తీసేసి, కడిగి, ఒక పూట ఎండలో బోర్లిస్తే తేనె పాత్ర సిద్ధం. లోపమల్లా కుళాయే. నీటికి పెట్టిన అర అంగుళం కుళాయి తేనెకు ఇరుకు. ఎండాకాలం ఎలాగో దిగుతుంది కానీ వానకాలం, చలికాలం ఒక్కో సీసా దగ్గర నిలబడి చూస్తుండాల్సిందే. కొత్తగా కొనేవాళ్లు అంగుళన్నర బెజ్జం ఉండి, పలక పైకి లేచి కిందికి దిగే తేనెకుళాయి బిగించుకోవాలి. ధార తెగాలన్నప్పుడు టక్కున తెగుతుంది, మూతి చుట్టూ కారదు. కుళాయి అడుక్కి ఎంత దగ్గరగా ఉంటే అడుగున అంత తక్కువ తేనె మిగులుతుంది. బిగించాక నీళ్లు నింపి రాత్రంతా ఉంచి చూడాలి. వాషరు దగ్గర చెమ్మ కనిపిస్తే అప్పుడే మార్చుకోవాలి. తేనె పోశాక కారడం మొదలైతే ఇల్లంతా చీమలే.

ఏ లోహం అన్నది పట్టించుకోవాల్సిన విషయం. తేనె తియ్యగా ఉన్నా దానిలో పులుపు గుణం ఉంది, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. అందుకే రాగి, ఇత్తడి, జింకు పూత రేకు డబ్బాల్లో నిలవ పెట్టకూడదు. లోహం మెల్లగా తేనెలో కలుస్తుంది. స్టీలులో 304 రకం మంచిది. కొట్లో అడిగితే ‘అయస్కాంతం పెట్టి చూసుకో అక్కా, అంటుకోదు, అసలు స్టీలు’ అంటారు. ఆ పరీక్ష చాలదు. చవక రకమైన 202 స్టీలు కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మార్గం. అంత ఖర్చెందుకు అనుకుంటే, ఆహారానికి పనికొచ్చే తెల్ల ప్లాస్టిక్ బకెట్టు చాలు. అడుగున త్రికోణంలో 2 గానీ 5 గానీ అంకె ఉంటుంది. రంగు డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు ఎంత తోమినా ఇందుకు వాడకూడదు.

సైజు విషయంలో చాలామంది పెద్దది కొనేస్తారు. తేనె నీటికన్నా దాదాపు 1.4 రెట్లు బరువు. 20 లీటర్ల పాత్ర నిండితే 28 కిలోలు. మూడు పెట్టెలు పెంచుకునే ఇంటికి ఏడాదంతా వచ్చే తేనె 18 నుంచి 24 కిలోలు. అంటే ఒక్క 20 లీటర్ల పాత్రకు సరిపోతుంది. అది నిలబడే బల్ల గట్టిగా ఉండాలి. బల్ల కాళ్లకింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. అవ్వలు అన్నం దాచే అలమారాకు చేసిన ఏర్పాటే అది. ఈ పనంతా తలుపులు మూసి, వీలైతే చీకటిపడ్డాక చేసుకోవాలి. పగలు తేనె వాసన బయటికి పోయిందంటే ఊళ్లో ఈగలన్నీ వంటింట్లోనే ఉంటాయి.

వడకట్టడం రెండు మెట్లుగా జరగాలి. ముందు పెద్ద చిల్లుల జల్లెడ, దాని కింద సన్న వల. సన్న వల అంటే మరీ సన్నం కాదు. 200 మైక్రాన్ల నైలాన్ వలలో మైనపు పొట్టు, ఈగ రెక్కలు, కాళ్లు ఆగిపోతాయి. పుప్పొడి రేణువులు చాలావరకు 100 మైక్రాన్ల లోపే ఉంటాయి కాబట్టి అవి దిగిపోతాయి. దిగాలి కూడా. తేనె ఏ పూతదో, ఏ ప్రాంతానిదో చెప్పే ఆనవాళ్లు అవే. వల దొరక్కపోతే పలచటి మల్లుపంచె ముక్క చాలు. సబ్బు వాసన పోయేలా వేణ్నీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి వాడండి. తేనె వాసనల్ని ఇట్టే పట్టేస్తుంది. ఊరగాయ జాడీలో పోసిన తేనె ఆవకాయ వాసనే వేస్తుంది.

తూకం చెప్పే నిజం

ఇప్పుడు అసలు సంగతి. తేనె పులవడానికి కారణం నీరు. తేనెలో సహజంగానే పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. నీరు తక్కువగా ఉన్నంతకాలం అవి ఏమీ చేయలేవు. నీరు 20 శాతం దాటిందంటే పని మొదలుపెడతాయి. మనదేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు కూడా ఆ 20 శాతమే. ఈగలు గదికి మైనపు మూత పెట్టేది నీరు తగినంత ఆరిందని తేల్చుకున్నాకే. అందుకే పట్టులో ముప్పాతిక వంతు గదులకు మూతలు పడేదాకా కోయకూడదు. తొందరపడి కోసినదీ, నెల్లూరు జిల్లాకు ముఖ్యమైన అక్టోబరు, నవంబరు వానల్లో కోసినదీ పలచగానే ఉంటుంది. తేనె గాల్లో చెమ్మను కూడా లాక్కుంటుంది. ముసురు పట్టిన రోజున మూతలేని పాత్రలో వడకడితే మంచి తేనె కూడా పాడవుతుంది.

నీటి శాతం చూడటానికి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న గొట్టం ఉంది. అద్దం మీద ఒక్క చుక్క వేసి, వెలుతురుకేసి చూస్తే అంకె కనిపిస్తుంది. అమ్మకానికి తేనె తీసేవాళ్లు మిషనుకన్నా ముందు కొనాల్సింది ఇది. కొనేటప్పుడు తేనె కొలత ఉన్నదో లేదో చూడాలి. పండ్లరసాలకు వాడేదాని కొలత తేనె దాకా రాదు.

ఇంటివరకైతే వంటింటి తూకం చాలు. అరలీటరు పట్టే సీసాను ఖాళీగా తూచండి. మెడ దగ్గర గీత పెట్టి, ఆ గీత దాకా నీళ్లు పోసి తూచండి. సీసా బరువు తీసేస్తే 500 గ్రాములు వచ్చిందనుకుందాం. సీసాను బాగా ఆరబెట్టి, నురగ తేరిన తేనెను అదే గీత దాకా పోయండి. 700 గ్రాములు, ఆపైన తూగితే నిలవకు పనికొస్తుంది. 690కి దిగిందంటే నీరు మించింది. పాత ఫుల్ బాటిల్ లెక్క కూడా ఇంతే: 750 మిల్లీలీటర్ల సీసాలో తేనె కిలో 50 గ్రాములు ఉండాలి, 180 క్వార్టరులో పావుకిలో. ఈ తూకం నీటిని పట్టిస్తుందే గానీ కల్తీని పట్టించదు, చిక్కటి పాకం కూడా ఇంతే తూగుతుంది. నీళ్ల గ్లాసులో చుక్క, అగ్గిపుల్లకు రాసి వెలిగించడం, కుక్క ముట్టదనడం లాంటివి ఈ రెండిట్లో దేన్నీ పట్టించలేవు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో పెద్ద పెద్ద బ్రాండ్ల తేనెల్లోనే చక్కెర పాకాల కల్తీని బయటపెట్టింది. మామూలు ల్యాబు పరీక్షల్ని కూడా దాటిపోయే పాకాలవి. కళ్లముందు కోసిన పట్టు కొనుక్కుని ఇంట్లో వడకట్టుకోవడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు తోచదు.

నీరు ఎక్కువున్న తేనెను కాచి నిలవ చేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానండి. కాచితే పరిమళం పోతుంది, రంగు నల్లబడుతుంది, హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. అది కిలోకు 80 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. పలచటి తేనెను ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా వాడేసుకోవడమే మేలు. పేరుకుపోయిన తేనె సంగతి వేరు. అది చెడిపోయినట్టూ కాదు, చక్కెర కలిపినట్టూ కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు.

నురగ పైకి, తేనె కిందికి

వడకట్టిన వెంటనే సీసాల్లో పోయకండి. కుళాయి పాత్రలో ఒకటి రెండు రోజులు మూతపెట్టి కదపకుండా ఉంచితే గాలి బుడగలు, మైనపు నలకలు పైకి తేలి తెల్లటి తెట్టు కడతాయి. కుళాయి అడుగున ఎందుకుండాలో అప్పుడు తెలుస్తుంది. తేటగా ఉన్న తేనె కిందనుంచి సీసాల్లోకి దిగుతుంది, తెట్టు పాత్రలోనే ఉండిపోతుంది. ఆ తెట్టు పారేయక్కర్లేదు, ఇంట్లో వాడుకోవచ్చు. సీసాను కొంచెం వంచి, ధార లోపలి గోడమీదుగా జారేలా పట్టుకుంటే కొత్త బుడగలు చేరవు.

సీసా గాజుదైతే మంచిది, వెడల్పు మూతి ఉంటే ఇంకా మంచిది. మందు సీసాల ఇరుకు మూతిలోంచి లోపలి తడి ఆరదు. అసలు చిక్కంతా ఆ నాలుగు చుక్కల నీటితోనే. తేనె పేరుకుంటే తీయడానికీ వీలుండదు. పాత సీసాలే వాడాల్సి వస్తే వాటికి కొత్త మూతలు కొనండి. సీసా మీద చీటీ అంటించి ఏ ఈగ తేనె, ఏ ఊరు, ఏ నెల అన్నది రాయండి. అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను చేయించుకుని ఆ నంబరూ వేయాలి. ఇంకో వాక్యం తప్పక ఉండాలి: ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. తేనెలో ఉండే అవకాశమున్న బొట్యులిజం క్రిమిబీజాలను పసిపేగులు తట్టుకోలేవు. చాలా అరుదే అయినా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది. పెద్దవాళ్లకు ఆ భయం లేదు.

తినేటప్పుడు ఉదయగిరి చెక్క చెంచా వాడి చూడండి. దుర్గం కొండల్లో దొరికే నర్ది, కల్ది, బిక్కి కర్రలతో అక్కడి పనివాళ్లు చెక్కే చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందినవి. మన కొండ తేనెకు మన కొండ చెంచా!

మిషను ఎవరికి?

తేనె తీసే మిషను పుట్టింది 1865లో. ఫ్రాంజ్ హ్రుష్కా అనే ఆస్ట్రియా సైన్యాధికారి పట్టును గిరగిరా తిప్పితే తేనె దానంతటదే బయటికి చిమ్ముతుందని చూపించాడు. అంతకు పద్నాలుగేళ్ల ముందే అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ ఫ్రేముల పెట్టె కనిపెట్టి ఉండబట్టి ఈ మిషనుకు బతుకు దొరికింది. మన పుట్టతేనె ఈగకు సరిపోయే చిన్న పెట్టెను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ తయారుచేశాడు. ఇప్పటికీ దక్షిణాదిలో ఆయన పేరుతోనే ఆ పెట్టె వాడుకలో ఉంది. మిషను వల్ల అసలు లాభం శ్రమ తగ్గడం కన్నా పట్టు విరగకుండా తిరిగి ఈగలకు దక్కడం. ఒక కిలో మైనం చేయడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయని లెక్క. ఖాళీ పట్టు వెనక్కి ఇస్తే ఆ తేనెంతా మిగిలినట్టే.

అయినా రెండు మూడు పెట్టెల ఇంటికి మిషను వద్దంటాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు తిప్పే వస్తువు మిగతా రోజులన్నీ అటక మీద దుమ్ము తింటుంది. పైగా పుట్టతేనె ఈగ నిలకడ లేనిది, మేత తగ్గినా చీమలు పట్టినా పెట్టె వదిలి లేచిపోతుంది. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదిలో ఈ ఈగల పెట్టెల్ని వేలకు వేలు ఖాళీ చేసింది. ఈగలు పోతే మిషను మాత్రం మిగులుతుంది. పది పెట్టెలు దాటి, రెండేళ్లు నిలబెట్టుకున్నాకే ఆ ఆలోచన చేయాలి. కొన్నా బుట్ట సైజు చూసుకోవాలి. ఇటాలియన్ ఈగల ఫ్రేములకు చేసిన బుట్టలో న్యూటన్ పెట్టె చిన్న ఫ్రేములు నిలవవు. జింకు పూత రేకు మిషను చవగ్గా వస్తుంది, దాని జోలికి పోకండి. మే మధ్యాహ్నం మిషను తిప్పకండి, మెత్తబడిన పట్టు చీలిపోతుంది. తెల్లవారుజామున, మొదట నెమ్మదిగా ఒక పక్క సగం తీసి, ఫ్రేము తిప్పి రెండోపక్క పూర్తిచేసి, మళ్లీ మొదటి పక్కకు రావాలి.

ఒక్కరికి భారమైనది పదిమందికి భారం కాదు. వింజమూరుకు పక్కనే ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పొదుపు సంఘాల ఉద్యమం నెల్లూరు జిల్లాలో ఊపందుకున్నది ఆ చైతన్యంతోనే. ఇవాళ ఊరూరా ఉన్న ఆ సంఘాలు నాలుగు ఫ్రేముల స్టీలు మిషను ఒకటి, రిఫ్రాక్టోమీటరు ఒకటి, తేనెకుళాయి ఉన్న డ్రమ్ములు రెండు కొని మండలంలో పెట్టెలున్నవాళ్లకూ, కొండతేనె తెచ్చే యానాది కుటుంబాలకూ రోజు అద్దెకు ఇవ్వొచ్చు. కొండతేనెకు మిషను అక్కర్లేదు గానీ డ్రమ్మూ, రిఫ్రాక్టోమీటరూ వాళ్లకే ఎక్కువ అవసరం. పిండిన తేనెకూ, నీటి శాతం రాసి అమ్మే తేనెకూ ధరలో తేడా వాళ్ల చేతికే రావాలి. వచ్చే పూతకు ఇంకా వ్యవధి ఉంది. సంఘాల అక్కచెల్లెళ్లు ఈ నెల సమావేశంలోనే దీన్ని చర్చకు పెట్టండి.